ఉడుకు నీళ్ళ సంగతి

మా బాపమ్మ మోకాళ్ళ నొప్పికి మందు ఒక్కటే ఉండేది. రాత్రి అందరి తిండ్లు అయినంక, సిగ్డీలో ఆరిపోబోయే బొగ్గుల మీద ఒక బోగాణెడు నీళ్ళు పెట్టేది. అవి పొగలు కక్కేదాకా పక్కనే పీట మీద కూర్చునేది. తర్వాత మోరీ గట్టు దగ్గర ఇనుప ఘమేలా పెట్టి, అందులో ఆ నీళ్ళు పోసి, పిడికెడు దొడ్డుప్పు వేసి, రెండు చెంబుల చన్నీళ్ళు కలిపి, కాళ్ళు పెట్టుకునేది. ఘమేలా లోతెంత, చీలమండలు మునిగితే గొప్ప. మోకాళ్ళ దాకా నీళ్ళు రావు కదా, అందుకని తాత పాత ధోతి ముక్కను అదే నీళ్ళలో ముంచి, పిండి, మోకాళ్ళకు చుట్టేది. చల్లారితే మళ్ళీ ముంచేది. ఇట్లా అరగంట. ఆ అరగంట ఆమెను ఎవరూ ఏ పనీ అడగొద్దు. ఆ ఇంట్లో ఆమె నోరు తెరిచి తీసుకున్న హక్కు అదొక్కటే అనుకుంటా.

ఘమేలా అంటే తెలియని పిల్లల కోసం చెప్తున్న. బిల్డింగ్ పనుల్లో ఇసుక, సిమెంటు, కంకర నెత్తిన మోస్తారే, ఆ తట్ట. ఊళ్ళో తట్ట అంటరు, ముంబైలో పుట్టిన మేమందరం ఘమేలా అనే అంటం. బాపమ్మ పగలంతా దాన్ని నెత్తి మీద మోసింది. పని మానేసినంక అది ఇంట్లోనే ఉండిపోయింది. అడుగు తుప్పు పట్టి చిల్లు పడితే బాపు దానికి తారు పూసి తెచ్చిండు.

ఇదంతా ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే, డాలస్‌లో ఉన్న మా చిన్నబాపు కొడుకు పోయిన నెల ఫోన్ చేసిండు. నడుం నొప్పి, రోజుకు పది గంటలు కుర్చీలోనే పని. "అక్కా, బాపమ్మ నీళ్ళలో కాళ్ళు పెట్టుకునేది కదా, అందులో ఏమేసేది? మా ఇంట్లో టబ్ ఉంది, అదే చేద్దామనుకుంటున్నా" అన్నడు. ఏమేసేదో ఒక్క మాటలో చెప్పొచ్చు, ఉప్పు. కానీ ఆ నీళ్ళ సంగతి ఒక్క మాటలో అయ్యేది కాదు. ఈ రాతలు చదివే మన పిల్లల్లో సగం మంది ఫోరస్ రోడ్ చూడనే లేదు కూడా.

ఫోరస్ రోడ్‌కు ఇప్పుడు కాగితాల మీద పేరు ఆర్. ఎస్. నిమ్కర్ మార్గ్. పాత పేరు పోర్చుగీసు మాట 'ఫోరో' నుంచి వచ్చింది. ఫోరో అంటే శిస్తు. ఉప్పునీటి బురదలోంచి పైకి తీసిన నేలలను మనుషులకిచ్చి, దాని మీద వసూలు చేసేవాళ్ళు. ఆ నేలల మీదుగా పోయిన రోడ్డు కాబట్టి ఫోరస్ రోడ్. ఏడు దీవుల మధ్య కట్టలు వేసి, గుంతలు పూడ్చి ఒక్క ఊరు చేసే పని 18వ శతాబ్దం చివర జోరందుకుంది. నిజాం ఇలాకా నుంచి మట్టి పనికీ, రాతి పనికీ మనవాళ్ళు రావడం కూడా అప్పటి నుంచే. వాళ్ళను కామాటీలు అన్నరు. వాళ్ళుండే చోటు కామాటిపురా అయింది.  బయటివాళ్ళకు ఆ పేరు చెప్తే ముఖంలో ఇంకేదో కదుల్తది, అది మీకూ తెలుసు. మా బాపు అయితే ఆఫీసుల్లో అడ్రసు అడిగితే 'ముంబై సెంట్రల్' అని చెప్పి ఊరుకునేవాడు. నేను మాత్రం ఫోరస్ రోడ్ అనే చెప్తా. ఆ చాళ్ళలో కట్టుబడి పనికి పోయినవాళ్ళు, మిల్లులకు పోయినవాళ్ళు, బీడీలు చుట్టినవాళ్ళు, వీళ్ళ మోకాళ్ళూ నడుములూ ఎట్లా అరిగినయో చూసినదాన్ని నేను.

బాపమ్మది మోత పని. మా అమ్మది కూర్చునే పని. పొద్దున పది నుంచి చీకటి పడేదాకా చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుట్టేది. కాళ్ళు మడిచి, వీపు వంచి, గంటలు గంటలు. మోసిన మోకాలూ నొప్పే, మడిచిన మోకాలూ నొప్పే. ఇద్దరూ ఒకే ఖోలీలో ఉండేవాళ్ళు, ఉడుకు నీళ్ళు మాత్రం ఒక్కరికే సరిపోయేవి. అత్త అయినంక కోడలు అనుకుంటే, బొగ్గులు ఆరిపోయేవి.

నీళ్ళ లెక్క చెప్తే అర్థమైతది. మా అంతస్తులో నల్లా తెల్లవారుజామున వచ్చేది, గంటో గంటన్నరో ఉండేది. వరుసలో నిలబడి పట్టుకున్న నీళ్ళు గుమ్మం దగ్గర నీలం డ్రమ్ములో పోసేవాళ్ళం. అది 200 లీటర్ల డ్రమ్ము. ఏడుగురు మనుషులకు తాగడం, వంట, గిన్నెలు, స్నానాలు, అన్నీ అందులోంచే. డాలస్‌లో మా తమ్ముడు నింపుకుంటున్న టబ్బుకు 150 లీటర్ల పైనే పడుతుంది. అంటే మా ఇంటి ఒక రోజు నీళ్ళు దాదాపు మొత్తం ఒకడి నడుముకు! పైగా వాటిని కాగబెట్టాలంటే బొగ్గులు కొనాలి, లేకుంటే రేషన్ గ్యాసునూనె. పండక్కి తలంట్లప్పుడు మాత్రం పక్కింటి మరాఠీ వాళ్ళ రాగి బంబు అడిగి తెచ్చుకునేవాళ్ళం. మధ్యలో గొట్టం, కింద నిప్పులు, చుట్టూ నీళ్ళు. ఆ రోజు చాలంతా పొగ.

అమ్మ ఒకసారి ఎవరితోనో అంటుంటే విన్న. "నాకు కడుపునిండ ఉడుకు నీళ్ళు దొరికింది మూడేసార్లు. ముగ్గురు పిల్లలైనప్పుడు." బాలింత స్నానం గురించి ఆ మాట. పురుడు పోసుకున్న ఆడదానికి నీళ్ళు పొయ్యడానికి ఒక ముసలమ్మ వచ్చేది. వావిలాకు వేసి మరగబెట్టిన నీళ్ళు, నడుము మీద చెంబు తర్వాత చెంబు, దబదబా. మోరీలో పీట మీద కూర్చున్న అమ్మ వీపు ఎర్రగా కందిపోయేది. అప్పుడు మాత్రం ఇంట్లో బొగ్గుల ఖర్చు గురించి ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదు. ముగ్గురం పుట్టినంక ఆ నీళ్ళు కూడా బందు.

ఇంక మిగిలింది వజ్రేశ్వరి.

చలికాలంలో ఏడాదికి ఒకసారి, బాపుకు బోనస్ మంచిగ వస్తే రెండుసార్లు, చాళ్ళో ఆడవాళ్ళందరూ కూడబలుక్కుని వజ్రేశ్వరికి పోయేవాళ్ళు. ముంబై సెంట్రల్‌లో విరార్ లోకల్ ఎక్కి, దిగినంక ఎస్టీ ఎర్ర బస్సు. స్టేషన్ నుంచి ఒక ముప్పై కిలోమీటర్లు ఉంటుంది. తాన్సా నది ఒడ్డున వజ్రేశ్వరి, అక్లోలి, గణేశ్‌పురి పక్క పక్కనే ఉంటయి. అంతటా ఉడుకు నీళ్ళ ఊటలు. కొన్ని నదిలోనే, రాళ్ళ సందుల్లోంచి బుడబుడమని వస్తయి. కొన్నిటికి చుట్టూ రాళ్ళు కట్టి మెట్లు పెట్టిండ్రు. వాటినే కుండ్ అంటరు. ఒక్కో కుండ్‌ది ఒక్కో వేడి. ఒకదాంట్లో హాయిగా కూర్చోవచ్చు, ఇంకోదాంట్లో వేలు పెట్టి తీసెయ్యాలి. మనవాళ్ళు ముందు చేత్తో చూసి, తర్వాత కాలు, తర్వాత మోకాలు, అట్లా మెల్లగా దిగేవాళ్ళు.

అమ్మవారి గుడి చూడటానికి కోటలా ఉంటుంది. పీష్వా బాజీరావు తమ్ముడు చిమాజీ అప్పా, వసై కోట గెలిస్తే గుడి కట్టిస్తానని మొక్కుకున్నడట. 1739లో పోర్చుగీసు వాళ్ళ నుంచి వసై గెలిచిండు, గుడి కట్టించిండు. 52 మెట్లు. ఆ మెట్లే బాపమ్మకు పరీక్ష. ముందు కుండ్‌లో దిగాలా, ముందు అమ్మవారిని చూడాలా అని ప్రతిసారీ ఆడవాళ్ళ మధ్య వాదన నడిచేది. దేవుని దగ్గరికి స్నానం చేసే పోవాలి అని బాపమ్మ ఎప్పుడూ గెలిచేది. అసలు సంగతి, నీళ్ళలో కూర్చుని వస్తేనే ఆమె 52 మెట్లు ఎక్కగలిగేది. భక్తికి అడ్డం లేని కారణం కాబట్టి ఎవరూ కాదనలేకపోయేవాళ్ళు.

బాపమ్మ కుండ్‌లో దిగినప్పటి మొఖం నాకు బాగా గుర్తు. చీర అట్లాగే చుట్టుకుని, మెట్టు మెట్టు మీద ఆగుతూ దిగి, నీళ్ళు భుజాల దాకా వచ్చినంక కళ్ళు మూసుకునేది. మాట్లాడేది కాదు. ఇంట్లో ఒక్క నిముషం నోరు మూయని మనిషి. కొంచెం సేపైనంక, "పానం నిమ్మళమైంది" అనేది. అంతే. అమ్మ ఆమెకు ఎదురుగా కూర్చునేది. అత్తాకోడళ్ళకు ఇద్దరికీ ఒకేసారి సరిపోయినన్ని ఉడుకు నీళ్ళు నేను చూసింది అక్కడ ఒక్కచోటే.

ఆ నీళ్ళు ఎందుకు వేడిగా ఉంటయని అడిగితే, అమ్మవారు చంపిన రాక్షసుల రక్తం అని అక్కడివాళ్ళు చెప్తరు. చిన్నప్పుడు ఆ మాట విని నేను రెండేళ్ళు దిగలే. చదువుకున్నంక తెలిసింది. వాన నీళ్ళు నేల పగుళ్ళలోంచి చాలా లోతుకు ఇంకిపోతయి. లోతుకు పోయినకొద్దీ భూమి వేడి. అక్కడ కాగి, ఇంకో పగులు దొరికితే పైకి తన్నుకొస్తయి. అగ్నిపర్వతం ఏమీ అక్కర్లేదు. కొంకణ్ తీరమంతా ఇట్లాంటి ఊటలు వరుసగా ఉన్నయి. పాలీ దగ్గర ఉన్హేరే, దాపోలీ దగ్గర ఉన్హవరే. మరాఠీలో 'ఉన్హ' అంటే వేడి, ఊరి పేరే చెప్తుంది. మన దిక్కు భద్రాచలం దగ్గర గుండాలలో కూడా గోదావరి ఒడ్డున ఇసుక తవ్వితే ఉడుకు నీళ్ళు వస్తయి. బాపమ్మకు ఆ సంగతి తెలియదు. తెలిస్తే ముంబైలో ఉండేదే కాదేమో!

ఇంకో చిత్రం చెప్పాలి. ముంబైకి నీళ్ళిచ్చే పాత చెరువుల్లో తాన్సా ఒకటి, 1892 నుంచి ఇస్తోంది. అదే నది మీద పైన ఆనకట్ట, కింద వజ్రేశ్వరి కుండ్‌లు. ఊరికి పైపుల్లో చల్లగా కొలతేసి వచ్చే నీళ్ళకూ, రాళ్ళలోంచి ఉడుకుతూ ఊరికే వచ్చే నీళ్ళకూ ఒకే నది పేరు.

సరే, తమ్ముని ప్రశ్నకు వస్తా. ఉడుకు నీళ్ళు నిజంగా ఏం చేస్తయి?

రెండు పనులు చేస్తయి. ఒకటి వేడి పని. చర్మం కింద రక్తనాళాలు వెడల్పయితయి, రక్తం బాగా ఆడుతుంది. నొప్పి ఉన్నచోట కండరం బిగుసుకుంటుంది కదా, బిగుసుకున్నకొద్దీ నొప్పి పెరుగుతుంది. వేడి తగిలితే ఆ బిగువు సడలుతుంది. పొద్దున లేవగానే కీళ్ళు పట్టేసినట్టుండే వాళ్ళకు ఇది చాలా తేలిక. రెండోది నీళ్ళ పని. నీళ్ళు మనిషిని పైకి లేపుతయి. నడుము దాకా దిగితే కాళ్ళ మీద పడే బరువు దాదాపు సగమే. మెడ దాకా దిగితే పదో వంతు. అంటే 60 కిలోల మనిషి మోకాళ్ళకు 6 కిలోల మనిషి అన్నట్టు. ఘమేలాలో మొదటి పని మాత్రమే అవుతుంది. కుండ్‌లో రెండూ అవుతయి. బాపమ్మ అక్కడ కళ్ళు మూసుకున్నది అందుకే.

కానీ అరిగిన కీలు నీళ్ళతో తిరిగి పెరగదు. మోకాలిలో మృదులాస్థి పోతే పోయినట్టే. నీళ్ళు నొప్పిని కొన్ని గంటలో, ఒకటి రెండు రోజులో వెనక్కి నెడతయి. ఆ తెరపిలో కాళ్ళు ఆడించాలి, తొడ కండరాలు గట్టిపడే కసరత్తు చెయ్యాలి. డాక్టర్లు కూడా అదే చెప్తరు. నానబెట్టి, తుడుచుకుని, మళ్ళీ మంచం ఎక్కితే లాభం సగమే. బాపమ్మ మాత్రం ఘమేలాలోంచి కాళ్ళు తీసినంక వరండాలో ఆ చివరి నుంచి ఈ చివరికి నాలుగుసార్లు నడిచేది. ఎవరు చెప్పిండ్రో మరి. పక్క ఖోలీ వాళ్ళ సంగతులు వినడానికే అని అమ్మ అనేది.

ఉప్పు గురించి నా మాట ఇది. దొడ్డుప్పు వేస్తే తప్పేం లేదు. డాలస్‌లో సంచుల్లో అమ్మే ఎప్సమ్ సాల్ట్ మెగ్నీషియం సల్ఫేట్. అది చర్మంలోంచి లోపలికి పోయి నొప్పి తీస్తుందనడానికి గట్టి రుజువు లేదు. హాయి ఇచ్చేది నీళ్ళ వేడే. వావిలాకు దాదర్ మార్కెట్‌లో నిర్గుండి అంటే ఇస్తరు. కీళ్ళ నొప్పులకు మనవాళ్ళు ఎప్పటి నుంచో వాడే ఆకు. నేనూ వేస్తా. ఆ వాసన వస్తేనే అమ్మకు అది మందు స్నానం, లేకుంటే ఉత్త స్నానం. వాసనతో మనసు కుదుటపడితే అదీ లెక్కలోకే వస్తుంది.

వేడి ఎంత ఉండాలి? ఒంటి వేడి కంటే కొంచెం ఎక్కువ, 37 నుంచి 40 డిగ్రీల మధ్య. పదిహేను నుంచి ఇరవై నిముషాలు. పడుకునే ముందు ఒక గంట, గంటన్నర తేడాతో చేస్తే నిద్ర కూడా తొందరగా పడుతుంది. ఎందుకంటే నీళ్ళలోంచి వచ్చినంక ఒంటి వేడి మెల్లగా దిగుతుంది, ఆ దిగడమే నిద్రను పిలుస్తుంది. బాపమ్మ అరగంట పెట్టుకునేది కదా అంటే, ఆ ఘమేలా నీళ్ళు పది నిముషాలకే గోరువెచ్చన అయ్యేవి.

ఇంతవరకు హాయిగానే ఉంది. అసలు కష్టం అమ్మతో మొదలైంది.

అమ్మకు ఇప్పుడు 74. పదిహేనేళ్ళుగా షుగర్. మేం కాందివలికి మారి చాలా ఏండ్లయింది. బాత్రూంలో గీజర్ ఉంది, నీళ్ళు ఇరవై నాలుగు గంటలు. జీవితంలో మొదటిసారి ఆమెకు అడిగినప్పుడల్లా ఉడుకు నీళ్ళు. రోజూ రాత్రి పెద్ద ప్లాస్టిక్ టబ్బులో కాళ్ళు పెట్టుకుని టీవీ చూసేది. ఒక రోజు నేను నీళ్ళు పోసి ఇస్తే, "గివేం నీళ్ళు బిడ్డా, సల్లగున్నయి, ఇంకింత పొయ్యి" అన్నది. నేను చెయ్యి పెట్టి చూస్తే బాగానే కాలుతున్నయి. పాదాలకు స్పర్శ పోతున్నదని మాకు అట్లా తెలిసింది. డాక్టర్ దగ్గర సన్నటి నైలాన్ దారం ఒకటి పాదం మీద అక్కడక్కడ ఆనించి, తెలుస్తుందా అని అడిగిండ్రు. పది చోట్ల ఆనిస్తే ఆమె మూడు చోట్లే తెలుస్తుందన్నది.

షుగర్ చాలా ఏండ్లుంటే కాళ్ళ నరాలు దెబ్బతింటయి. నొప్పి, మంట ఉంటయి, కానీ బయటి నుంచి తగిలే వేడి మాత్రం తెలియదు. మనిషి నొప్పికి వేడి అడుగుతడు, వేడి తెలియక ఇంకా అడుగుతడు. చర్మం కాలిపోతుంది, ఆయనకు తెల్లారి బొబ్బ చూసినంకనే తెలుస్తుంది. షుగర్ ఉన్న కాలికి పుండు పడితే మానడం ఎంత కష్టమో మన ఇండ్లల్లో ఎవరికీ చెప్పక్కర్లేదు. మా పాత చాల్‌లోనే ఒక పెద్దమ్మకు ఇట్లాగే బకెట్ నీళ్ళతో బొబ్బలు లేచి, రెండు నెలల తర్వాత రెండు వేళ్ళు తీసేసిండ్రు. ఆమె చివరిదాకా "నీళ్ళు అంత ఉడుకేం లేకుండె" అనే అన్నది. అబద్ధం కాదు, ఆమెకు తెలిసింది అంతే.

కాళ్ళు నానబెట్టడం బందు పెట్టాలని డాక్టర్ చెప్పిండు. వేడి ఒక్కటే కాదు, ఎక్కువసేపు నీళ్ళలో ఉంటే చర్మం పొడిబారి పగుల్తుంది, పగుళ్ళలోంచి చీము పడుతుంది. అమ్మ వినలే. మూడు రోజులు నాతో మాట్లాడలే. నాలుగో రోజు అన్నది, "మీ బాపమ్మ ఉన్నన్ని రోజులు ఆమెకే పోశిన. ఇప్పుడు నా వంతు వచ్చిందనుకున్న." ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. డాక్టర్ చెప్పింది నిజం. ఆమె చెప్పిందీ నిజం.

చివరికి చేసిన ఏర్పాటు ఇది. పాదాలు నీళ్ళలో పెట్టదు. బాత్రూంలో ప్లాస్టిక్ కుర్చీ మీద కూర్చుంటుంది. వావిలాకు నీళ్ళలో తువ్వాల ముంచి, పిండి, మోకాళ్ళకూ నడుముకూ చుడతా. మోకాళ్ళ దగ్గర స్పర్శ మంచిగనే ఉంది, అది కూడా డాక్టర్‌ను అడిగే చేసిన. నీళ్ళ వేడి ఆమె చెయ్యి చూడదు, నా మోచెయ్యి చూస్తుంది. చేతులు పనికి అలవాటు పడి మొద్దుబారి ఉంటయి, మోచెయ్యికి వేడి తొందరగా తెలుస్తుంది. చంటిపిల్లలకు నీళ్ళు పోసేటప్పుడు చూసుకుంటాం కదా, అట్లా. థర్మామీటర్ కూడా కొన్న. అమ్మ దాన్ని నమ్మదు.

ఇంకొందరు కూడా జాగ్రత్తగా ఉండాలి. గుండె జబ్బు ఉన్నవాళ్ళు మెడ దాకా దిగితే నీళ్ళ ఒత్తిడికి కాళ్ళలోని రక్తం ఛాతీ వైపు వస్తుంది, గుండెకు పని పెరుగుతుంది. బీపీ మందులు వేసుకునేవాళ్ళకు వేడి నీళ్ళలోంచి చటుక్కున లేస్తే కళ్ళు తిరుగుతయి, బాత్రూంలో పడితే తుంటి ఎముక పోతుంది. కడుపుతో ఉన్నవాళ్ళు టబ్బులో వేడివేడిగా కూర్చోవద్దు. కీలు అప్పటికే వాచి, ఎర్రగా, వేడిగా ఉంటే దానికి ఇంకా వేడి పెట్టొద్దు, అప్పుడు చల్లటి కాపడమే మేలు. కుండ్‌లకు పోతే తల ముంచొద్దు, పిల్లలను అసలే ముంచనివ్వద్దు. వెచ్చటి మంచినీళ్ళలో అరుదుగా ఉండే ఒక అమీబా ముక్కులోంచి మెదడుకు పోతుంది. చాలా అరుదు, కానీ వస్తే మనిషి దక్కడం కష్టం. ఒంటి మీద పుండ్లుంటే దిగకపోవడం మర్యాద కూడా, పక్కన ఇంకెవరో కూర్చుంటరు కదా.

తమ్మునికి ఇవేవీ లేవు కాబట్టి ఆయన టబ్ నింపుకోవచ్చు. పదిహేను నిముషాలు చాలు, ఆ తర్వాత కుర్చీకి కాకుండా నడకకు పొమ్మన్న.

అమ్మను ఈ మధ్య ఒక ఫిజియోథెరపీ చోట వెచ్చటి నీళ్ళ కొలనుకు తీసుకపోయిన. అక్కడ నీళ్ళు 34 డిగ్రీలు దాటనియ్యరు, కాలేది ఏమీ లేదు. దిగే ముందు పాదాలు మొత్తం తిప్పి చూసిండ్రు, ఎక్కడన్నా పుండు ఉందేమోనని. పది నిముషాలే, బయటికి రాంగనే వేళ్ళ సందుల్లో తడి లేకుండా తుడవాలన్నరు. చీరతో దిగొద్దంటే పంజాబీ డ్రెస్ వేసుకుంది, జీవితంలో మొదటిసారి. ముందు సిగ్గు పడ్డది, తర్వాత కోపం వచ్చింది. "ఇవి ఉడుకు నీళ్ళా? ఇవి నల్లా నీళ్ళే" అన్నది. ఆ ఫిజియో పిల్ల మరాఠీలో నవ్వుతూ చెయ్యి పట్టుకుని ఛాతీ లోతుకు తీసుకపోయింది. అక్కడ చెయ్యి వదిలేసింది. అమ్మ కర్ర లేకుండా ఆ గోడ నుంచి ఈ గోడకు నడిచింది. మళ్ళీ నడిచింది. ఐదుసార్లు. నేను గట్టు మీద నిలబడి లెక్క పెట్టిన.

బయటికి వచ్చి మెట్టు మీద కాలు పెట్టంగనే మోకాలు మళ్ళీ పట్టింది. రెయిలింగ్ పట్టుకుని, "నీళ్ళల్ల ఉన్నప్పుడు నా బరువు ఎవలో పట్టుకున్నరు బిడ్డా" అన్నది.

వారానికి రెండుసార్లు రావాలన్నరు. ఒక్కసారికి వాళ్ళు తీసుకునే డబ్బు విని అమ్మ లెక్క కట్టింది, వెయ్యి బీడీల కూలి కంటే ఎక్కువ అని. నెలకు రెండుసార్లకు ఒప్పించిన. ఈ చలికాలం అక్లోలికి కూడా పోవాలంటోంది. కుండ్‌లో దిగనియ్యనని చెప్పిన. పై మెట్టు మీద కూర్చుంటదట, నేను చెంబుతో ముంచి, చల్లార్చి, నా మోచెయ్యితో చూసి, మోకాళ్ళ మీద పోయాలట. బస్సు టైములు కనుక్కోమన్నది. ఎర్ర బస్సే కావాలట, ఓలా కాదు.

కామాటిపురాను మొత్తం మళ్ళీ కట్టే పథకం మ్హాడా చేతిలో ఉంది. కొత్త ఇండ్లలో ఇంటింటికీ బాత్రూం ఉంటుందని మా పాత పొరుగామె ఫోన్‌లో చెప్తే, అమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "గీజర్ ఇస్తున్నరా, మనమే పెట్టుకోవాల్నా?"